టెరిటోరియల్ ఆర్మీలో స్కౌట్‌గా పనిచేయాలంటే: దక్షిణ ఒడిశా తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, మల్కన్‌గిరి వైపు తెలుగు ఇళ్ల నుంచి సైన్యం భర్తీ ర్యాలీ ప్రకటన పడ్డ ప్రతిసారీ ఇవే సందేహాలు వస్తుంటాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కన్నా ఒకచోట రాసి ఉంచడం మేలనిపించింది. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టండి, ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది. ఖాళీలు, తేదీలు ప్రకటన ప్రకటనకూ మారతాయి గనుక వాటిని ఇక్కడ రాయలేదు.

## చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

టెరిటోరియల్ ఆర్మీ అంటే హోంగార్డుల్లాంటిదా, అసలు సైన్యమా?

అసలు సైన్యమే, కాకపోతే పూర్తికాలపుది కాదు. 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టం కింద ఏర్పడింది. 1949 అక్టోబరు 9న చక్రవర్తి రాజగోపాలాచారి ప్రారంభించారు. దీని నినాదం ‘సావధానీ వ శూరతా’. ఇందులో చేరినవాళ్లు మామూలు రోజుల్లో తమ పొలం, కొట్టు, ఉద్యోగం చూసుకుంటారు. శిక్షణకు పిలిచినప్పుడు, దేశానికి అవసరమై యూనిట్‌ను ‘ఎంబాడీ’ చేసినప్పుడు, అంటే పూర్తికాల సేవలోకి పిలిచినప్పుడు యూనిఫాం వేసుకుంటారు. ఆ రోజుల్లో రెగ్యులర్ జవానుకు ఉన్న జీతం, క్రమశిక్షణ, సైనిక చట్టం అన్నీ వీళ్లకీ వర్తిస్తాయి. 1962, 1965, 1971 యుద్ధాల్లో ఈ యూనిట్లు పనిచేశాయి. 2025 మే 6న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుతో, ఉన్న 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లను ఎంబాడీ చేయడానికి అనుమతి వచ్చింది. కాబట్టి పేరుకు చేరి ఇంట్లో కూర్చోవచ్చనుకునేవాళ్లు రాకపోవడమే మంచిది.

ఇది పర్మనెంటు ఉద్యోగమేనా? జీతం నెలనెలా పడుతుందా?

కాదు, పడదు. శిక్షణలో ఉన్న రోజులకీ, ఎంబాడీ అయిన కాలానికీ మాత్రమే జీతం ఉంటుంది. ఏడో వేతన సంఘం లెక్కన సిపాయి మూల వేతనం 21,700 రూపాయలతో మొదలవుతుంది, దాని మీద సైనిక సేవా వేతనం 5,200 కలుస్తుంది. యూనిట్ ఏళ్ల తరబడి ఎంబాడీ అయి ఉంటే అన్నాళ్లూ జీతం వస్తుంది. డిస్ఎంబాడీ అయిన, అంటే ఆ సేవ నుంచి విడుదలైన మర్నాటి నుంచి రాదు. ఈ జీతాన్ని నమ్ముకుని ఇల్లు కట్టడానికి అప్పు తెస్తే వాయిదా కట్టాల్సిన నెలలో ఇబ్బంది పడతారు. రెండో బతుకుతెరువు చేతిలో ఉన్నవాడికే ఇది సరిపోతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ ముందుగా చెప్పేది ఈ మాటే.

నాకు 27 ఏళ్లు. అగ్నివీర్ వయసు దాటిపోయింది. దారి ఉందా?

ఉంది. టెరిటోరియల్ ఆర్మీలో సోల్జర్ జనరల్ డ్యూటీకి వయసు 18 నుంచి 42. పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 శాతం ఉండాలి. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు కనీసం 50 కిలోలు. ఛాతీ 77 సెంటీమీటర్లు ఉండి, గాలి పీల్చినప్పుడు ఇంకో 5 పెరగాలి.

స్కౌట్ యూనిట్‌లోనే నేరుగా చేరొచ్చా?

మన వైపు అలా కుదరదు. లద్దాఖ్ స్కౌట్స్, సిక్కిం స్కౌట్స్ లాంటివి ఆ కొండ ప్రాంతాల స్థానికుల కోసం ఏర్పాటైన దళాలు. మనవాళ్లకు దారి ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ గుండానే. ఆ బెటాలియన్‌లోని ప్రతి సెక్షన్‌లో పది మంది దాకా ఉంటారు, అందరికంటే ముందు నడిచే ఇద్దరే స్కౌట్లు. ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో దాని పైమెట్టు ఘాతక్ ప్లాటూన్, అంటే ఇరవై మంది వరకూ ఎంపిక చేసిన జట్టు. ముందు మంచి రైఫిల్‌మన్ కావాలి, తర్వాత స్కౌట్, ఆ తర్వాత ఘాతక్. ఏ మెట్టూ దాటవేయలేరు.

డిగ్రీ ఉంది, ఉద్యోగం ఉంది. ఆఫీసర్‌గా వెళ్లొచ్చా? ఆడపిల్లలకు అవకాశం ఉందా?

రెండింటికీ జవాబు అవుననే. వయసు 18 నుంచి 42, డిగ్రీ, సొంత సంపాదన ఉండాలి. స్త్రీలూ అర్హులే. అయితే సైన్యం, పోలీసు, పారామిలిటరీలో ఇప్పటికే పనిచేస్తున్నవారు దరఖాస్తు చేయలేరు. రాత పరీక్ష, ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు), మెడికల్ దాటాలి. కమిషన్ వచ్చాక మొదటి ఏడాది నెల రోజుల ప్రాథమిక శిక్షణ, ఏటా రెండు నెలల క్యాంపు, మొదటి రెండేళ్లలోపు మూడు నెలల శిక్షణ ఉంటాయి.

## కాగితాల దగ్గర

మాది గుణుపురం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. సికింద్రాబాద్ ర్యాలీకి వెళ్లొచ్చా?

ఇక్కడ భాష లెక్కలోకి రాదు, స్థిర నివాసమే వస్తుంది. ర్యాలీ ప్రకటనలో ఏ రాష్ట్రాల వాళ్లు, ఏ రోజు రావాలో పట్టిక ఉంటుంది. అందులో ఒడిశా పేరు ఉంటేనే వెళ్లండి. ఆంధ్ర, తెలంగాణ, ఒడిశా చాలాసార్లు వేర్వేరు జోన్లలో పడతాయి. శ్రీకాకుళంలో ఉన్న మేనమామ చిరునామాతో ఆంధ్ర నివాస పత్రం తెచ్చి వెళ్లేవాళ్లు ఏటా కనిపిస్తారు. పదో తరగతి మార్కుల జాబితా ఒడిశా బోర్డుది, ఆధార్ ఒడిశాది, నివాస పత్రం ఒక్కటే ఆంధ్రది. కాగితాల బల్ల దగ్గరే అది దొరికిపోతుంది. చేరాక బయటపడితే పంపేయడంతో ఆగదు, తప్పుడు పత్రం కేసు కూడా అవుతుంది. భువనేశ్వర్‌లో బిహార్ రెజిమెంట్‌కు చెందిన 120 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ టెరిటోరియల్ ఆర్మీ ఉంది. ఒడిశా చిరునామా ఉన్నవాళ్లు మొదట గమనిస్తూ ఉండాల్సింది దాని ప్రకటననే.

పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది, ఆధార్‌లో పూర్తిగా వెనక ఉంది. తిరగ్గొడతారా?

తిరగ్గొట్టవచ్చు. మన తెలుగు పిల్లలకు ఈ వైపు వచ్చే అతి పెద్ద చిక్కు ఇదే. ఒడియా పద్ధతిలో ఇంటిపేరు చివర వస్తుంది, మన పద్ధతిలో ముందు. బడిలో మాస్టారు ఒకలా రాస్తారు, ఆధార్ కేంద్రంలో ఇంకోలా ఎక్కిస్తారు, తండ్రి ఓటరు కార్డులో మూడో రకంగా ఉంటుంది. ‘అప్పారావు’ ఒక కాగితంలో ఒకే మాటగా, ఇంకో కాగితంలో రెండు ముక్కలుగా ఉన్నా చూసే గుమస్తాకు వాళ్లు ఇద్దరు మనుషులే.

చేయాల్సింది ఇది. పదో తరగతి సర్టిఫికెట్‌ను మూలంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపోయేలా మార్చండి. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ వారాల్లో మారతాయి, బోర్డు సర్టిఫికెట్ మారడానికి నెలలు పడుతుంది. తల్లిదండ్రుల పేర్లు కూడా అక్షరం అక్షరం సరిచూడండి, ఎక్కువ మంది వదిలేసేది అక్కడే. ర్యాలీ లోపు మార్పు పూర్తి కాకపోతే రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ చేయించి దగ్గర ఉంచుకోండి. కొన్ని చోట్ల ఒప్పుకుంటారు, కొన్ని చోట్ల ఒప్పుకోరు. అఫిడవిట్ ఉంది కదా అని దిద్దుబాటు ఆపకండి.

తెలుగు మీడియంలో చదివాను. మార్కుల జాబితాలో గ్రేడ్లు మాత్రమే ఉన్నాయి. చెల్లుతుందా?

మీడియంతో పని లేదు, గుర్తింపు ఉన్న బోర్డు అయితే చాలు. గ్రేడ్లు ఉన్న చోట ప్రతి సబ్జెక్టులో కనీసం డి, మొత్తం మీద సీ2 అడుగుతారు. మార్కులు కూడా ఉన్న జాబితా బోర్డు నుంచి తెచ్చుకోగలిగితే వాదన ఉండదు.

ఏమేం పట్టుకెళ్లాలి?

పదో తరగతి మార్కుల జాబితా, సర్టిఫికెట్, తహసీల్దారు ఇచ్చిన నివాస పత్రం, కుల పత్రం, ఆరు నెలలు దాటని నడవడిక పత్రం, 21 ఏళ్లలోపు వారైతే అవివాహిత పత్రం, ఆధార్, పాన్, ఉంటే ఎన్‌సీసీ, క్రీడల సర్టిఫికెట్లు. అసలుతో పాటు ప్రతిదీ కనీసం రెండు నకళ్లు. పాస్‌పోర్టు సైజు ఫొటోలు 20, అన్నీ ఒకే ప్రింటులోవి, మూడు నెలలు దాటనివి. సైన్యం జవాన్ల భర్తీలో కుల రిజర్వేషన్ లేదు. కుల పత్రం నమోదు కోసమే, కాబట్టి ఆంధ్రలో మన కులం ఏ జాబితాలో ఉందన్నది ఇక్కడ అనవసరం. మల్కన్‌గిరి, కొరాపుట్ వైపు పోలీసు విచారణకు సమయం పట్టవచ్చు. ఊళ్లో ఏదైనా పాత కేసులో పేరుంటే దాచకుండా రాసి, కొట్టేసిన తీర్పు నకలు జత చేయండి. కేసు కన్నా దాచడమే ఎక్కువ చెరుపు చేస్తుంది.

చేతి మీద పచ్చబొట్టు ఉంది.

మోచేతి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా, అరచేతి వెనక వైపు ఉన్నవి ఒప్పుకుంటారు. ఇంకెక్కడ ఉన్నా తీసేస్తారు. ఆదివాసీ తెగల ఆచారపు పచ్చబొట్లకు మినహాయింపు ఉంది. తెగ పత్రం, ఆచారమని ఊరి పెద్ద ఇచ్చిన పత్రం వెంట ఉండాలి.

ఒకాయన రెండు లక్షలిస్తే పని అయిపోతుందంటున్నాడు.

ఇవ్వకండి. టెరిటోరియల్ ఆర్మీ జవాన్ల ర్యాలీలో డబ్బు కట్టే చోటే లేదు. అసలు సర్టిఫికెట్లు కూడా ఎవరి చేతికీ ఇవ్వొద్దు, డబ్బు ఇవ్వకపోతే అవి తాకట్టవుతాయి.

## మైదానంలో, మెడికల్‌లో

పరుగు ఎంత టైములో తీయాలి? ఎన్నాళ్లు సాధన చేయాలి?

సైన్యం ర్యాలీల్లో చాలాకాలంగా నడిచిన కొలత: 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు తీస్తే పూర్తి 60 మార్కులు, పుల్లప్స్ పది తీస్తే 40. తొమ్మిది అడుగుల గొయ్యి దూకడం, జిగ్‌జాగ్ దుంగ మీద నడవడం పాసైతే చాలు. ఈ కొలతకు తయారైతే ఏ ప్రకటనకైనా సరిపోతారు.

బొత్తిగా అలవాటు లేనివాళ్లకు పన్నెండు వారాలు కావాలి. మొదటి నాలుగు వారాలు వారానికి నాలుగు రోజులు, మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగంతో 4 నుంచి 5 కిలోమీటర్లు. ఆ తర్వాత వారంలో రెండు రోజులు 400 మీటర్లు ఒక్కోటి 80 సెకన్లలో నాలుగైదు సార్లు, మధ్యలో రెండేసి నిమిషాల విరామం. ఆ వేగాన్నే 1,600 మీటర్లూ నిలబెడితే 5 నిమిషాల 20 సెకన్లు. మనవాళ్లు చేసే తప్పు రోజూ పూర్తి వేగంతో 1,600 పరుగెత్తడం. మూడో వారానికి మోకాలి కింద ఎముక నొప్పి మొదలై ఆగిపోతారు. ఇంకొకటి, సాధనంతా తారురోడ్డు మీద చేసి ర్యాలీలో ఇసుక నేల చూసి తెల్లబోతారు. గోపాల్‌పూర్ తీరానికి దగ్గరలో ఉంటే వారానికోసారి తడి ఇసుక మీద పరుగెత్తండి.

రాత్రంతా బస్సులో కూర్చుని తెల్లారి నేరుగా లైన్లో నిలబడితే కాళ్లు పట్టేస్తాయి. ఒక రోజు ముందే చేరి, నిద్ర తీసి వెళ్లండి.

మెడికల్‌లో ఎక్కువగా ఎందుకు తీసేస్తారు?

మోకాళ్లు తగలడం, చదును పాదాలు, మోచేయి వంపు, వరిబీజం, మొలలు, రంగులు గుర్తించలేకపోవడం, చెవి సమస్యలు. చెవిలో గులిమి గట్టిగా ఉంటే కర్ణభేరి కనిపించక తాత్కాలిక అన్‌ఫిట్ రాస్తారు. రెండు వారాల ముందే డాక్టరు దగ్గర తీయించుకోండి. అగ్గిపుల్లతో ముందు రోజు పొడుచుకుంటే పుండు పడి అదే అన్‌ఫిట్‌కు కారణమవుతుంది.

మా వైపు సికిల్ సెల్ ఉన్నవాళ్లు చాలామంది. దీని గురించి భయపడాలా?

సికిల్ సెల్ అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త సమస్య. భయం కాదు, పరీక్ష కావాలి. రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి వైపు చాలా కుటుంబాల్లో ఇది ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే వచ్చిన ‘ట్రెయిట్’ ఉన్నవాళ్లు మామూలుగా ఏ జబ్బూ లేకుండా తిరుగుతారు, తమకు ఉందనే తెలియదు. కానీ ఎండలో నీళ్లు లేకుండా ఒళ్లు విరిచే పరుగులో కండరాలు దెబ్బతినవచ్చు, ఎత్తైన కొండల మీద ప్లీహానికి రక్తం అందక తీవ్రమైన కడుపునొప్పి రావచ్చు. ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు వైద్యశాస్త్రంలో ఉన్నాయి. జిల్లా ఆసుపత్రిలో మొదట సాల్యుబిలిటీ అనే రక్త పరీక్ష, అది పాజిటివ్ అయితే నిర్ధారణకు హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించుకోండి. ఫలితం ఏదైనా మెడికల్ బోర్డుకు చెప్పండి. దాచి ఎక్కిన కొండ మీద కాపాడేవాళ్లు దగ్గర ఉండకపోవచ్చు.

## మొదటి ఏడాది

రిక్రూట్ శిక్షణ ఎన్నాళ్లు? ఆ తర్వాత?

నిబంధనల ప్రకారం మొదటి ఏడాది 30 రోజుల రిక్రూట్ శిక్షణ, ఆపైన ఏటా వార్షిక క్యాంపు, రెండు నెలల దాకా. డ్రిల్లు, ఆయుధం విప్పి కూర్చడం, ఫైరింగ్, ఫీల్డ్‌క్రాఫ్ట్ (కంటపడకుండా కదలడం, దాగడం), మ్యాప్ రీడింగ్ ముఖ్యాంశాలు. 30 రోజుల్లో ఎవరూ సైనికులు కాలేరు. ఎంబాడీ అయ్యాక యూనిట్‌లో నడిచే క్యాడర్లలోనే, అంటే చిన్న శిక్షణ తరగతుల్లోనే అసలు చదువు.

హిందీ సరిగా రాదు. ఇబ్బందా?

మొదటి రెండు వారాలు ఇబ్బందే. ఆదేశాలు, పాఠాలు అన్నీ హిందీలోనే. ఒడియా వచ్చినవాళ్లకు చాలా మాటలు చెవికి తొందరగా పడతాయి, ఈ సరిహద్దు పిల్లలకు అది కలిసొచ్చే సంగతి. దిక్కులు, దూరాలు, అంకెలు మాత్రం ముందే నేర్చుకోండి: ‘దాహినే’, ‘బాయే’, ‘ఆధా దాహినే’, వంద దాకా లెక్క. వైర్‌లెస్‌లో ‘ఉన్‌సఠ్’ విని ‘ఉన్‌హత్తర్’ రాసుకుంటే 59 కాస్తా 69 అవుతుంది. అందుకే అంకెలను విడివిడిగా పలకడం, తిరిగి చదివి వినిపించడం అలవాటు చేస్తారు.

బూట్లతో కాళ్లు పుళ్లు పడుతున్నాయి.

కొత్త బూట్లు మొదటి వారం రోజుకు గంట మాత్రమే. లోపల పల్చటి మేజోడు, పైన మందమైన ఉన్ని మేజోడు వేస్తే రాపిడి రెండు బట్టల మధ్య జరుగుతుంది, చర్మం మీద కాదు. వేడిగా మండినట్టు అనిపించిన క్షణమే ఆగి అక్కడ టేపు వేయాలి. బొబ్బ లేచాక వేసి లాభం తక్కువ.

## స్కౌట్ పని

స్కౌట్ చేసేది ఏమిటి? ముందు వెళ్లి కాల్చడమేనా?

చూడడం, గుర్తుంచుకోవడం, తిరిగి వచ్చి చెప్పడం. కాల్చాల్సి వచ్చిందంటే రెకీ పెట్రోల్ (చూసి రావడానికి వెళ్లే చిన్న గస్తీ) సగం విఫలమైనట్టే. ముందు నడిచే స్కౌట్ కళ్లు దారి మీద, ఇరుపక్కల ఉంటాయి. రెండో స్కౌట్ అతనికి కాపు కాస్తూ, వెనక సెక్షన్ కమాండర్ చేతి సైగలు చూస్తుంటాడు. మలుపు, వాగు, ఊరి అంచు, దారులు కలిసే చోటు వచ్చినప్పుడు ఆగి వినాలి. కనీసం రెండు మూడు నిమిషాలు. కొత్తవాళ్లు ఆ రెండు నిమిషాలు ఓపిక పట్టలేరు. ఈ పనికి మనిషిని ఎంచేటప్పుడు పరుగు కన్నా ముందు చూసేది ఆ ఓపికనే.

మ్యాప్, కంపాస్ ఇంటి దగ్గరే నేర్చుకోవచ్చా?

నేర్చుకోవాలి కూడా. సర్వే ఆఫ్ ఇండియా వారి ఓపెన్ సిరీస్ మ్యాపులు 1:50,000 స్కేలులో వారి వెబ్‌సైటు నుంచి రిజిస్టర్ చేసుకుని దించుకోవచ్చు. ఆ స్కేలులో 2 సెంటీమీటర్లు అంటే నేల మీద ఒక కిలోమీటరు. ఒకే ఎత్తు ఉన్న చోట్లను కలిపే కాంటూరు గీతల మధ్య ఎత్తు తేడా సాధారణంగా 20 మీటర్లు. మ్యాపు మీది గళ్ల అంకెలతో చోటును చెప్పేది గ్రిడ్ రిఫరెన్స్. నాలుగంకెలది ఒక కిలోమీటరు చదరాన్ని చూపుతుంది, ఆరంకెలది వంద మీటర్ల చదరాన్ని. ముందు అడ్డం అంకెలు, తర్వాత నిలువు. తిరగేసి చదివితే పక్క కొండకు చేరతారు.

కంపాస్ విషయంలో రెండు లెక్కలు నోటికి రావాలి. బేరింగ్ అంటే ఉత్తరం నుంచి కొలిచిన దిశ కోణం, బ్యాక్ బేరింగ్ అంటే దానికి సరిగ్గా ఎదురు దిశ. బ్యాక్ బేరింగ్ కావాలంటే 180 కంటే తక్కువ ఉన్నదానికి 180 కలపాలి, ఎక్కువ ఉన్నదానిలో తీసేయాలి. ఒక డిగ్రీ తప్పితే కిలోమీటరు దూరంలో 17 మీటర్లు పక్కకు పోతారు, అయిదు డిగ్రీలు తప్పితే దాదాపు 90 మీటర్లు. రైఫిల్ పక్కన, జీపు బానెట్ మీద, కరెంటు తీగల కింద బేరింగ్ తీస్తే ముల్లు అబద్ధం చెబుతుంది.

అడుగుల లెక్క కూడా కావాలి. టేపుతో 100 మీటర్లు కొలిచి, మామూలు నడకలో ఎన్ని అడుగులు పడుతున్నాయో పదిసార్లు లెక్కించి సగటు తీయండి. తర్వాత అదే దూరం ఎక్కుడులో, దిగుడులో, చీకట్లో, వీపు మీద 10 కిలోల బరువుతో. అయిదు అంకెలూ వేరుగా వస్తాయి, అయిదూ చిన్న పుస్తకంలో రాసుకోండి. ప్రతి వందకూ తాడుకు ఒక ముడి వేస్తే లెక్క తప్పదు. సమయం అంచనాకు పాత సూత్రం: బరువు లేకుండా గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకూ ఇంకో గంట. 10 కిలోమీటర్లు నడిచి 600 మీటర్లు ఎక్కాలంటే మూడు గంటలు. అడవిలో, బరువుతో దానికి రెట్టింపు వేసుకోండి.

సాధనకు మహేంద్రగిరి, దేవమాలి కొండలకు వెళ్తే?

పగలు, అందరూ నడిచే దారిలో, నలుగురు కలిసి, ఊళ్లో చెప్పి వెళ్లండి. మహేంద్రగిరి 1,501 మీటర్లు, దేవమాలి 1,672 మీటర్లు, కాంటూరు గీతలను కళ్ల ముందున్న కొండతో పోల్చుకోవడానికి చక్కటి చోట్లు. బలగాలు తిరిగే అడవుల్లోకి రాత్రిపూట మ్యాపుతో, కంపాస్‌తో వెళ్లకండి. మచ్చల బట్టలు వేసుకోవడం అంతకన్నా ప్రమాదం. సైనికుడిగా కనిపించేలా యూనిఫాం వేయడం భారతీయ న్యాయ సంహిత ప్రకారం నేరం, పైగా చీకట్లో అవతలి వేలు ట్రిగ్గర్ మీద ఉంటుంది.

చీకట్లో నాకేమీ కనిపించదు. ఎలా?

కళ్లు చీకటికి అలవాటు పడడానికి సుమారు అరగంట పడుతుంది. ఒక్కసారి ఫోన్ వెలుగు చూస్తే మళ్లీ మొదటికి వస్తుంది. చీకట్లో వస్తువును సూటిగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకు చూస్తే కనిపిస్తుంది, ఎందుకంటే కంటి నడిమి భాగం మసక వెలుతురులో పనిచేయదు. మ్యాప్ చూడాలంటే ఒక కన్ను మూసి ఎర్ర వెలుగు వాడతారు.

రిపోర్టులో ఏం రాయాలి?

ఎంతమంది, ఏం చేస్తున్నారు, ఎక్కడ, ఎలాంటి బట్టలు, ఎన్ని గంటలకు, చేతిలో ఏముంది. ఈ ఆరూ ఉండాలి. ‘కొండ దగ్గర కొందరు కనిపించారు’ అనేది రిపోర్టు కాదు. ఇలా ఉండాలి: ‘0540 గంటలకు గ్రిడ్ 463827 వద్ద, వాగు పడమటి గట్టున నలుగురు మగవాళ్లు, ముదురు బట్టలు, ఇద్దరి వీపుల మీద సంచులు, ఉత్తరంగా నడుస్తున్నారు, ఆయుధాలు కనిపించలేదు.’

చివరి మాట చూడండి. ‘ఆయుధాలు లేవు’ అని రాస్తే మీరు సంచులు విప్పి చూసినట్టు. ‘కనిపించలేదు’ అంటే మీ కంటికి అందినంత మేరకే. ఆ ఒక్క మాట నమ్మి వెనక పదిమంది లేచి నడుస్తారు. మీ ఊహ చెప్పాలనుకుంటే విడిగా, ‘అంచనా’ అని పైన రాసి చెప్పండి. నలుగురు కట్టెలకు వెళ్లే ఊరివాళ్లూ కావచ్చు. ఈ తేడా పాటించని స్కౌట్ వల్ల అమాయకులకు ప్రాణహాని జరుగుతుంది.

## ప్రత్యేక కోర్సులు

కోర్సుకు నేనే దరఖాస్తు పెట్టుకోవచ్చా?

అడగవచ్చు, కానీ పంపేది యూనిట్. పై నుంచి యూనిట్‌కు కొన్ని సీట్లు వస్తాయి. కంపెనీ కమాండర్ పేరు పంపుతాడు, యూనిట్‌లోనే ప్రీ-కోర్స్ క్యాడర్ నడుపుతారు, అందులో నిలిచినవాళ్లే వెళ్తారు. మెడికల్ కేటగిరీ షేప్-1 (పూర్తి ఆరోగ్యం) ఉండాలి, ఫైరింగ్, శారీరక పరీక్షల ఫలితాలు రికార్డులో ఉండాలి. నేర్చుకున్నది వాడుకోవడానికి ముందు కాలం మిగిలి ఉందా అని కూడా చూస్తారు. అందుకే ఎంబాడీ అయిన మొదటి రోజుల్లోనే మీ ఆసక్తి సెక్షన్ కమాండర్‌కు చెప్పండి. ఆఖరి ఏడాది అడిగితే ఎంత మంచివాడైనా సీటు ఇంకొకరికి పోతుంది.

స్కౌట్‌కు ఏ కోర్సులు పనికొస్తాయి?

అడవి పనికి మిజోరాంలోని వైరెంగ్టేలో ఉన్న కౌంటర్ ఇన్సర్జెన్సీ అండ్ జంగిల్ వార్‌ఫేర్ స్కూల్. ఘాతక్, కమాండో తరహా శిక్షణకు బెళగావిలోని జూనియర్ లీడర్స్ వింగ్. స్నైపర్, ఇన్‌ఫాంట్రీ ఆయుధాలకు మౌలోని ఇన్‌ఫాంట్రీ స్కూల్. మంచు కొండలకు గుల్మార్గ్‌లోని హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్. వీటికన్నా ముందు మా సలహా యుద్ధక్షేత్ర ప్రథమ చికిత్స క్యాడర్. పెద్ద పేరు లేదు గనుక ఎవరూ అడగరు. కానీ చిన్న పెట్రోల్‌లో రక్తం ఆపగలిగినవాడు ఒక్కడైనా ఉండాలి, స్కౌట్‌కు అది తెలిస్తే కమాండర్ అతన్ని వదులుకోడు.

పారాచూట్ రెక్కల బ్యాడ్జి మనకూ వస్తుందా?

టెరిటోరియల్ ఆర్మీలో పారా బెటాలియన్లు ఉన్నాయి: బెంగళూరులో 106, దేవలాలిలో 116. ప్రాథమిక కోర్సు ఆగ్రాలో, రాత్రి దూకుడు ఒకటి కలిపి మొత్తం అయిదు. గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ అయిన మహేంద్రసింగ్ ధోనీ 2015లో అక్కడే అయిదు దూకుళ్లు పూర్తిచేసి రెక్కలు అందుకున్నాడు. ప్రకటనలో మీ రాష్ట్రం ఉందో లేదో చూసుకునే ఆశ పెట్టుకోండి.

సముద్రం ఒడ్డున పెరిగాం. కశ్మీర్, లద్దాఖ్ ఎత్తుకు తట్టుకుంటామా?

తట్టుకుంటారు, తొందరపడకపోతే. సైన్యం మెట్లు మెట్లుగా అలవాటు చేస్తుంది: 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, 15,000 దాకా ఇంకో నాలుగు, ఆపైన మరో నాలుగు. మొదటి రెండు రోజులు విశ్రాంతే. తలనొప్పి, వాంతి, పడుకుంటే ఆయాసం వస్తే వెంటనే చెప్పాలి. ‘దక్షిణాది వాడు అందుకే ఓర్చుకోలేడు’ అంటారేమోనని మూడు గంటలు దాచినవాడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. దానికి అసలు మందు కిందికి దించడమే. బాగా పరుగెత్తేవాళ్లకు ఇది రాదనుకోవడం తప్పు, వాళ్లు వేగంగా ఎక్కుతారు గనుక వాళ్లకే ఎక్కువ రావచ్చు.

కోర్సులో ఫెయిలైతే?

యూనిట్‌కు తిప్పి పంపుతారు, రికార్డులో రాస్తారు. దెబ్బ తగిలి వచ్చినవాళ్లకు మళ్లీ అవకాశం ఉండొచ్చు. క్రమశిక్షణ తప్పి వచ్చినవాళ్లకు దాదాపు ఉండదు. ఎక్కువ మంది పడిపోయేది శరీరం వల్ల కాదు, మ్యాప్ రీడింగ్ వల్ల.

## ఇల్లు, ఉద్యోగం, ఆ తర్వాత

ప్రైవేటు కంపెనీలో పని. రెండు నెలలు వెళ్తే తీసేయరా?

చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం సైనిక సేవకు పిలిపించుకున్న మనిషిని యజమాని తిరిగి పనిలోకి తీసుకోవాలి. అయితే నోటిమాటగా చెప్పి వెళ్లకండి. పిలుపు కాగితం నకలుతో ఉత్తరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. విడుదల కాగానే డిశ్చార్జి కాగితంతో తిరిగి చేరుతున్నట్టు రాసివ్వండి. ప్రభుత్వోద్యోగులైతే దరఖాస్తుకు ముందే శాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తీసుకోవాలి.

పెన్షన్ వస్తుందా? మాజీ సైనికుడి హోదా?

జవాన్లకు ఎంబాడీ అయి గడిపిన కాలం మొత్తం 15 ఏళ్లు ఉండాలి, ఆఫీసర్లకు 20. ఇంట్లో ఉన్న ఏళ్లు లెక్కలోకి రావు. మాజీ సైనికుడి హోదా కూడా ఎంబాడీ సేవ మీద పెన్షన్ వచ్చేవాళ్లకు, సేవ వల్ల అంగవైకల్యం కలిగినవాళ్లకు, శౌర్య పతకాలు పొందినవాళ్లకు. ప్రతి ఎంబాడీమెంట్, డిస్ఎంబాడీమెంట్ తేదీ మీ రికార్డులో ఎక్కిందో లేదో ఇంటికి వచ్చే ముందే గుమస్తా దగ్గర చూసుకుని నకలు తీసుకోండి. పదేళ్ల తర్వాత ఒక్క నెల కోసం తిరగడం చాలా కష్టం.

ఫొటోలు వాట్సాప్‌లో పెట్టుకోవచ్చా?

యూనిఫాంలో పాస్‌పోర్టు ఫొటో లాంటిది కూడా వద్దు. వెనక కనిపించే బోర్డు, కొండ వంపు, ఫొటోలో దాగిన లొకేషన్ చాలు యూనిట్ ఎక్కడుందో తెలియడానికి. 2020లో సైన్యం ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లు తీసేయమని ఆదేశించింది. పరిచయం లేని ఆడ పేరుతో వచ్చే స్నేహాలు ఎక్కువగా ఎర వేసేవే. ఇంట్లోవాళ్లకు కూడా ముందే చెప్పండి: ‘మా అబ్బాయి ఫలానా చోట ఉన్నాడు’ అని పెళ్లిలో చెప్పినా, స్టేటస్‌లో పెట్టినా ఒకటే. ఎవరైనా అడిగితే ‘డ్యూటీలో ఉన్నాడు’ అంటే చాలు.